లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్: డేటా ఎక్కించే ముందే ఒక డిస్క్ ఫెయిల్ చేసి చూడండి

ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ ఒకే హార్డ్ డిస్క్ మీద ఉంటే అది పోయిన రోజు అన్నీ పోతాయి. ఇంకో డిస్క్ తగిలించి రెయిడ్ చేస్కుంటే, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డిస్క్‌లా వాడుకుంటే, ఒకటి పోయినా రెండోదాంతో పని నడుస్తుంది. దీనికి వేరే కార్డేమీ అక్కర్లేదు, లినక్స్ కెర్నెల్‌లోనే ఎండీ అనే డ్రైవర్ ఉంది, దాన్ని నడిపించే టూల్ పేరు ఎండీఆడ్మ్. ఇలా కలిపిన డిస్కుల గుంపుని అరే అంటారు, ఏ డిస్క్ ఏ అరేలో మెంబరో ఆ వివరం డిస్కుల మీదే రాసి ఉంటుంది కాబట్టి మదర్‌బోర్డు చెడిపోయినా ఆ డిస్కులు తీస్కెళ్ళి వేరే లినక్స్ మెషిన్‌కి పెడితే అరే మళ్ళీ లేస్తుంది, నాకు సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో బాగా నచ్చేది ఇదే.

డిస్కుల్ని ఏ పద్ధతిలో కలపాలి, అంటే ఏ లెవెల్ అంటే, రెండు డిస్కులైతే రెయిడ్ 1, దీన్నే మిర్రర్ అంటారు, రెండిట్లోనూ ఒకే డేటా ఉంటుంది, 4 టీబీవి రెండు పెడితే మీకు మిగిలేది 4 టీబీ. మూడు పెట్టి రెయిడ్ 5 చేస్తే 8 టీబీ వస్తుంది కానీ ఒకటి పోయాక రీబిల్డ్ చెయ్యాలంటే, అంటే కొత్త డిస్క్ మీద ఆ డేటా తిరిగి నింపాలంటే, మిగతా రెండూ మొదట్నుంచి చివరిదాకా చదవాలి, ఆ టైమ్‌లో ఇంకోటి మొరాయిస్తే అంతే సంగతులు. ఇంటి వాడకానికి నా సలహా మిర్రరే. రెయిడ్ 0 జోలికి పోవద్దు, అందులో డేటా ముక్కలుగా డిస్కులన్నిటి మీదా పంచబడుతుంది, ఏ ఒక్క డిస్క్ పోయినా మొత్తం పోతుంది. ఇంకోటి, రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకండి ప్లీజ్, మీరు పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది.

డిస్కులు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా రాసేవి) కాకుండా సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండేవి) తీస్కోండి, ఎస్ఎంఆర్‌తో రీబిల్డ్ విపరీతంగా లేట్ అవుతుంది.

ఇక పని. ముందు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి ఏ డిస్క్ ఏదో మోడల్, సీరియల్ నంబర్‌తో సహా చూస్కోండి, ఎందుకంటే లినక్స్ డిస్కులకి ఇచ్చే ఎస్‌డీబీ ఎస్‌డీసీ లాంటి పేర్లు రీబూట్ అయితే మారిపోవచ్చు, తప్పు డిస్క్ తుడిచేస్తే వెనక్కి రాదు. తర్వాత రెండిటి మీదా (ఏదైనా దాన్లో డేటా ఉంటే దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి) జీపీటీ అనే పార్టిషన్ టేబుల్ వేసి ఒక్కో పార్టిషన్ చెయ్యండి, చివర్లో ఓ 100 ఎంబీ ఖాళీ వదిలెయ్యండి, రేపు వేరే కంపెనీ డిస్క్ తెస్తే అది కొన్ని ఎంబీలు తక్కువుండి అరేలో పట్టకపోవచ్చు. అప్పుడు ఎండీఆడ్మ్‌కి క్రియేట్ అని చెప్పి, అరే పేరు ఎండీ0, లెవెల్ 1, రెయిడ్ డివైసెస్ 2 అని ఇచ్చి చివర్లో రెండు పార్టిషన్ల పేర్లు రాస్తే అయిపోతుంది. పాత డిస్క్‌లో ఆల్రెడీ డేటా ఉంటే రెండో పార్టిషన్ బదులు మిస్సింగ్ అని రాయండి, అరే ఒక్క కొత్త డిస్క్‌తోనే లేస్తుంది, డేటా దాన్లోకి కాపీ చేసి సరిచూస్కున్నాక పాతదాన్ని కూడా అలాగే పార్టిషన్ చేసి యాడ్ చేస్కోవచ్చు. కాకపోతే అలా చేసిన వెంటనే పాతది తుడుచుకుపోతుంది, సింక్ అయ్యేదాకా, అంటే రెండు డిస్కులూ ఒకేలా అయ్యేదాకా, ఉన్నది ఒక్క కాపీయే, అందుకే బయట ఇంకో కాపీ ఉంచుకునే ఈ పని మొదలుపెట్టండి.

సింక్ ఎంతవరకు వచ్చిందో ప్రాక్ ఫోల్డర్‌లో ఎండీస్టాట్ ఫైల్ చూస్తే తెలుస్తుంది, పెద్ద డిస్కులైతే గంటలు గంటలు పడుతుంది, ఈలోపు వాడుకోవచ్చు కూడా. ఎండీ0 మీద ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసి, ఎండీఆడ్మ్ డీటెయిల్ స్కాన్ ఇచ్చే లైన్‌ని ఎండీఆడ్మ్ కాన్ఫ్ ఫైల్‌లో చేర్చి, డెబియన్ ఉబుంటుల్లో అయితే బూట్ ఇమేజ్‌ని తిరిగి తయారుచేసే అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కూడా రన్ చెయ్యండి, ఇది వదిలేస్తే రీబూట్ అయ్యాక ఎండీ0 కాస్తా ఎండీ127 అయి కూర్చునే అవకాశం ఉంది. బూట్‌లో ఏవి మౌంట్ చెయ్యాలో ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో యూయూఐడీ (మారని గుర్తింపు నంబర్) తోనే రాయండి, నోఫెయిల్ ఆప్షన్ పెట్టండి, లేకపోతే అరే లేవని రోజు సిస్టమ్ బూట్ అవ్వకుండా ఆగిపోతుంది.

సింక్ అయిపోయాక, అసలు డేటా ఎక్కించకముందే, ఉత్తుత్తి ఫైళ్ళు కొన్ని వేసి ఒక పార్టిషన్‌ని ఫెయిల్ అని ఎండీఆడ్మ్‌కి చెప్పండి, రిమూవ్ చెయ్యండి. ఎండీస్టాట్‌లో ఒక్కో మంచి డిస్క్‌కి ఒక్కో యూ అక్షరం ఉంటుంది, ఆ రెండు యూల్లో ఒకటి పోయి అక్కడ గీత కనిపిస్తుంది. ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా, రీబూట్ చేస్తే వస్తున్నాయా చూస్కుని, మళ్ళీ యాడ్ చేసి రీబిల్డ్ అవ్వనివ్వండి. నిజంగా డిస్క్ పోయిన రోజు కంగారులో తప్పు కమాండ్ కొట్టేవాళ్ళే ఎక్కువ, ఒకసారి చేతులారా చేసుంటే ఆ రోజు చెయ్యి వణకదు.

ఈమెయిల్ కూడా తప్పనిసరి. మిర్రర్‌లో ఒక డిస్క్ పోయినా పైకి ఏమీ తెలీదు, నెలల తరబడి ఒక్కదానిమీదే నడుస్తూ ఉంటుంది. కాన్ఫ్ ఫైల్‌లో మెయిల్ అడ్రస్ లైన్ పెట్టి, మానిటర్ మోడ్‌లో టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి పంపించి అది నిజంగా మీ ఇన్‌బాక్స్‌కి చేరిందో లేదో చూడండి. డెబియన్‌లో మామూలుగా నెలకోసారి అరే మొత్తం చదివి చెక్ చేస్తుంది, అది ఆఫ్ చెయ్యకండి, ఎప్పుడూ తెరవని ఫైళ్ళ కింద పాడైన సెక్టార్లు దాంతోనే బయటపడతాయి.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో చిక్కుంది. పాడైన సెక్టార్ దగ్గర డిస్క్ చాలాసేపు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఉంటుంది, కెర్నెల్ మాత్రం 30 సెకన్లే ఆగుతుంది, తర్వాత లింక్ రీసెట్ చేసి బాగానే ఉన్న డిస్క్‌ని కూడా అరే నుంచి గెంటేయొచ్చు. డిస్క్ వివరాలు, సెట్టింగులు చూసే స్మార్ట్‌సీటీఎల్ టూల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే సెట్టింగ్) విలువ 70 అంటే 7 సెకన్లు పెట్టండి, డిస్క్ సపోర్ట్ చెయ్యకపోతే కెర్నెల్ టైమవుట్‌నే 180 సెకన్లకి పెంచండి. ఈ సెట్టింగులు పవర్ ఆఫ్ అయితే పోతుంటాయి, స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టేయండి.

చివరగా ఒక్కో డిస్క్ సీరియల్ నంబర్ చీటీ మీద రాసి కేబుల్ వైపు కనబడేలా అంటించండి. డిస్క్ మార్చే రోజు స్మార్ట్‌సీటీఎల్ చూపించే నంబర్, చీటీ మీద నంబర్ రెండూ కలిస్తేనే కేబుల్ పీకండి.