చలి ముదరకముందే ఎగ్జిమా పిల్లల కోసం సిద్ధం చేసుకోవాల్సినవి

ఇంట్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలుంటే దీపావళి సామాన్లు తెచ్చేటప్పుడే మాయిశ్చరైజర్ పెద్ద డబ్బా కూడా తెచ్చి పెట్టుకోండి. హైదరాబాద్, మెదక్, ఆదిలాబాద్ వైపు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలిలో తేమ తగ్గిపోతుంది. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ ముందుగా గరుకెక్కుతాయి. చంటిపిల్లలకైతే బుగ్గలు. కోస్తాలో ఈ నెలలు కొంత నయం, అక్కడివాళ్ల కష్టమంతా ఎండాకాలం చెమటతో. చర్మం చిట్లాక మందుల కోసం తిరగడం కంటే చిట్లకుండా చూసుకోవడమే తేలిక.

ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పైపొర బలహీనంగా ఉంటుంది. లోపలి తడి త్వరగా ఆరిపోతుంది, సబ్బు, దుమ్ము లాంటివి తేలిగ్గా లోపలికి వెళ్తాయి. వెంటనే దురద, గోకితే ఇంకా దురద. ఈ గుణం కుటుంబాల్లో వస్తుంది కాబట్టి, ఆ ఇళ్లలో చాలావాటిలో ఆస్తమా ఉన్నవాళ్లో, పొద్దున్నే తుమ్ములతో లేచేవాళ్లో ఎవరో ఒకరు ఉంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ పిల్లకి వేరే కంచం, వేరే దుప్పటి పెట్టి దూరం కూర్చోబెట్టొద్దు, ఆ బాధ దురద కంటే పెద్దది.

అన్నిటికంటే ముఖ్యం స్నానం. పొగలు కక్కే నీళ్లు వద్దు, గోరువెచ్చగా ఉంటే చాలు, పది నిమిషాల్లో ముగించండి. సున్నిపిండితో, శనగపిండితో నలుగు పెట్టి రుద్దడం ఈ చర్మానికి పడదు. నీళ్లలో డెట్టాల్ కలపడం కూడా మానేయండి. ఒళ్లు తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, కాస్త తడి మిగిలి ఉండాలి. ఆ తడి ఆరకముందే, బాత్రూమ్ గుమ్మం దగ్గరే, మెడ నుంచి పాదాల దాకా మాయిశ్చరైజర్ పట్టించండి. మచ్చలున్న చోటే కాదు, ఒళ్లంతా. వెంట్రుకలు వాలిన దిక్కుకే మెల్లగా రాయాలి, మర్దనా చేయొద్దు. రాత్రి పడుకునే ముందు మళ్లీ రాయండి. డబ్బాలో వేలు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీస్తే క్రిములు చేరవు.

ఖరీదైనదే కావాలని లేదు. వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ బాగా పనిచేస్తుంది. కొబ్బరినూనె పడే పిల్లలకి అదీ మంచిదే. ఆవనూనె వద్దు. పసుపు, వేపాకు ముద్ద ప్రేమతోనే రాస్తారని తెలుసు, కానీ పగిలిన చర్మం మీద అవి మండుతాయి. అమ్మమ్మగారికి ఆ మాట మెల్లగా చెప్పండి.

ఇక ట్యూబుల సంగతి. మెడికల్ షాపులో "తామరకి ఏదైనా ఇవ్వండి" అంటే స్టెరాయిడ్ (ఎరుపు, వాపు తగ్గించే మందు), ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీమ్ చేతిలో పెట్టే షాపులు ఇంకా ఉన్నాయి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. మానగానే తిరగబెడుతుంది, మళ్లీ కొంటారు. అలా నెలలు గడిస్తే పిల్లల బుగ్గల మీద చర్మం పలచబడి, సన్నని ఎర్ర రక్తనాళాలు తేలతాయి. అసలది ఎగ్జిమా కాక ఫంగస్ వల్ల వచ్చే తామరే అయితే స్టెరాయిడ్ దాని రూపు మార్చేసి లోలోపల పాకనిస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా చాలా స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. హైదరాబాద్ గాంధీ, ఉస్మానియాల్లో, విశాఖ కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, సీజన్ మొదలవకముందే ఒకసారి చూపించండి.

అలాగని డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌కి భయపడి సగం సగం రాయడమూ తప్పే, మంట ఆరదు, జబ్బు సాగుతుంది. ట్యూబు నుంచి క్రీమ్‌ని పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి అది సరిపోతుంది. ఎర్రగా ఉన్న చోటే, ఎన్ని రోజులు చెప్పారో అన్ని రోజులే రాయండి. మాయిశ్చరైజర్‌కీ దానికీ మధ్య పావుగంట ఎడం ఉంచండి.

అటక మీది ఉన్ని దుప్పట్లు ఉతికి, బాగా ఎండలో వేశాకే వాడండి. స్వెటర్ లోపల నూలు బనియన్ ఉండాలి. పండగ కొత్తబట్టలు కూడా ఒకసారి ఉతికాకే తొడగండి. గోళ్లు వారానికోసారి కత్తిరించండి. సాంబ్రాణి పొగ వేయకండి. భోగి మంట దగ్గర మాత్రం చాలా జాగ్రత్త: పెట్రోలియం జెల్లీ ఇంకిన బట్టలకి నిప్పు త్వరగా అంటుకుంటుంది. ఆ పిల్లల్ని దూరంగా నిలబెట్టండి.

వంకాయ, గుడ్డు, పాలు అన్నీ మాన్పించి పథ్యం పెట్టకండి. ఏదైనా తిన్న ప్రతిసారీ దద్దుర్లు లేస్తుంటే అప్పుడు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించండి. ఎదిగే పిల్లలు, వట్టి అనుమానంతో తిండి తగ్గిస్తే నీరసించిపోతారు.

రసి కారి పసుపు పచ్చగా చెక్కు కడితే చీము పడుతోందని అర్థం, ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. పెదవి మీద జ్వరం పొక్కులున్న పెద్దవాళ్లు ఎగ్జిమా పిల్లల్ని ముద్దు పెట్టుకోకూడదు. ఆ పొక్కుల్లోని వైరస్ ఎగ్జిమా మీద పడితే ఒకే సైజు చిన్న పొక్కులు గుంపులుగా లేస్తాయి, నొప్పి, జ్వరం కూడా ఉంటాయి. అప్పుడు ఏ క్రీమూ రాయకుండా అదే రోజు, రాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొక్కులు కంటి దగ్గర ఉంటే ఆ మాట ముందుగా చెప్పండి.