పెళ్లి ఎగ్జిబిషన్‌లో మన స్టాలు – మూడవ పాఠం: చోటు, వెలుగు

స్టాలుతో పాటు నిర్వాహకులు ఏమేమి ఇస్తారో దరఖాస్తులో చూసి రాసిపెట్టుకోవాలని గత పాఠంలో చెప్పుకున్నాం. మండపాలంకరణ చేసేవారు ఆ ఖాళీ స్టాలును ఎలా వాడుకోవాలన్నది ఈ పాఠం.

మాదాపూర్ హైటెక్స్ వంటి హాళ్లలో చిన్న స్టాలు సాధారణంగా 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే ఇంచుమించు పదడుగుల గది. మూడు వైపులా పలకల గోడలు, నాలుగో వైపు జనం నడిచే దారి. ఆ పలకలు అద్దెవి కనుక మేకులు కొట్టనివ్వరు. ఏది కట్టినా పైనున్న అడ్డకడ్డీకి కొక్కేలు తగిలించి వేలాడదీయవలసిందే.

చాలామంది దారి పొడవునా బల్ల వేసి, దాని వెనుక తాము కూర్చుంటారు. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మన దగ్గర పెళ్లికూతురు ఒంటరిగా రాదు. తల్లి, పిన్ని, మేనత్త, ఒక్కోసారి అమ్మమ్మ కూడా వెంట ఉంటారు. బల్ల అడ్డంగా ఉంటే ఆ నలుగురైదుగురూ దారిలోనే నిలబడి, వెనుక నుంచి వచ్చేవారి తోపులాటకు రెండు నిమిషాల్లో ముందుకు వెళ్లిపోతారు. బల్లను పక్కగోడకు చేర్చి, ముందు భాగమంతా ఖాళీగా ఉంచి, లోపల రెండు కుర్చీలు పెద్దవారి కోసం వేయండి. అమ్మమ్మగారు కూర్చున్నారంటే ఆ కుటుంబం పది నిమిషాలు మీ దగ్గరే ఉంటుంది.

ఇక ఏమి చూపాలి? మీరు చేసిన నలభై మండపాల ఫోటోలూ ఒకే ఫ్లెక్సీ మీద వేస్తే ఏదీ కంటికి ఆనదు. దానికి బదులు వెనుక మూలలో ఒక్క మండప స్తంభాన్ని నిజమైన కొలతలో నిలబెట్టి, దానికి అరటి పిలక, మామిడాకుల తోరణం కట్టి, పక్కన రెండు పీటలు వేసి, వాటి నడుమ అడ్డుతెర పట్టించండి. అతికినచోట ముడి కనిపించకుండా కట్టిన తోరణమే మీ పనితనానికి సాక్ష్యం. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్లవారుజామునే తెచ్చుకోండి. బంతి, చామంతి సాయంత్రం దాకా నిలుస్తాయి. మల్లెలు మధ్యాహ్నానికే రంగు మారతాయి కనుక వాటిని ఒక్క దండకే పరిమితం చేయండి.

వెలుగు విషయంలో నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా మొదటి స్టాలులో 6500 కెల్విన్ల తెల్ల దీపాలు పెట్టాను (కెల్విన్ అంటే వెలుగు ఛాయకు కొలత; అంకె తగ్గేకొద్దీ పసుపుఛాయ, పెరిగేకొద్దీ నీలిఛాయ). ఒక పెద్దావిడ అడ్డుతెర అంచు పట్టుకుని, రెండడుగులు దారిలోకి లాగి, అక్కడి వెలుగులో చూసి, “ఇది ఎరుపేనా అమ్మా, లోపల వంకాయరంగులా ఉందే” అన్నారు. జరీ కూడా వెలిసిపోయినట్టు కనిపించింది. పట్టు, పసుపు, ఇత్తడి నిండుగా కనిపించాలంటే 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపుఛాయ దీపాలు కావాలి. దీపం పెట్టె మీద సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో నూటికి చెప్పే అంకె, 90కి తగ్గకుండా చూసుకోండి. దీపాన్ని నడినెత్తిన కాక, ముందు నుంచి ఏటవాలుగా స్తంభం మీదికి తిప్పండి. వచ్చినవారి కళ్లలో పడకూడదు.

కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. 5 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర సుమారు 1,150 వాట్లకు మించి మోయదు. 30 వాట్ల ఎల్‌ఈడీలు పది పెట్టినా 300 వాట్లే. కానీ టీ కాచే 1,500 వాట్ల కెటిల్ ఒక్కటి తగిలిస్తే స్టాలంతా చీకటి కావచ్చు.

ఈ వారం అభ్యాసం: మేడ మీద ముగ్గుపిండితో 3 మీటర్ల చదరం గీసి, బల్ల, కుర్చీలు, స్తంభానికి బదులు ఒక డ్రమ్ము పెట్టి, ఇంట్లోని ఐదుగురిని ఒకేసారి లోపలికి పిలవండి. ఎవరి భుజం ఎక్కడ తగిలిందో ఆ చోట గుర్తు పెట్టి, కాగితం మీద నకలు రాసుకోండి. ఆల్బమ్, ధరల పట్టిక ఎక్కడుంచాలో వచ్చే పాఠంలో ఆ కాగితం మీదే నిర్ణయిద్దాం.