ఇన్సులిన్ మోతాదు మారకపోయినా షుగర్ నిలకడగా లేకపోతే: నా అనుభవం

కావలిలో ఉంటున్న మా అమ్మగారికి రెండు పూటలా ఇన్సులిన్ వేస్తాము. తిండీ మోతాదూ మారకపోయినా పరగడుపు షుగర్ ఒకనాడు 110, మరునాడు 260 చూపించేది. గ్లూకోమీటరు మార్చడం, రాత్రిపూట అన్నానికి బదులు జొన్నరొట్టె పెట్టడం, కొత్త ఇన్సులిన్ సీసా తెరవడం, చివరికి మోతాదు పెంచడం, ఏదీ ఫలించలేదు.

సూది వేసే చోటును తడిమి చూడమని ఒక నర్సమ్మ చెప్పారు. అమ్మను పడుకోబెట్టి, వేళ్లకు సబ్బునీరు రాసుకుని నిమిరితే, బొడ్డుకు కుడిపక్కన చర్మం కింద రబ్బరులాంటి ముద్ద తగిలింది. కంటికి మాత్రం ఏమీ కనిపించలేదు. ఒకేచోట పదేపదే సూది పడితే కొవ్వు అలా పేరుకుంటుంది, అక్కడినుంచి ఇన్సులిన్ రక్తంలోకి ఒక తీరున చేరదు. పైగా అక్కడ నొప్పి తెలియదు కాబట్టి అమ్మ ఆ చోటే చూపించేవారు!

ముందుగా డాక్టరుగారిని అడిగి మోతాదు తగ్గించాము. ఇది దాటవేయకూడని పని, ఎందుకంటే మంచి చోట వేసిన ఇన్సులిన్ పూర్తిగా పనిచేసి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. తరువాత ముద్ద చుట్టూ పెన్నుతో గీత గీసి, ఆ లోపల సూది వేయడం మానేశాము. మిగిలిన పొట్టను భాగాలుగా అనుకుని వారానికొక భాగంలో, ముందు వేసిన చోటికి వేలెడు దూరంలో, ప్రతిసారీ కొత్త సూదితో వేస్తూ, ఏ పూట ఎక్కడ వేశామో గోడమీది క్యాలెండరులో రాశాము.

కొన్ని వారాలకు అంకెలు దగ్గరపడ్డాయి, ముద్ద మాత్రం ఇంకా పూర్తిగా కరగలేదు. అయితే మోతాదు కూడా మారింది కనుక, మేలంతా చోటు మార్చడం వల్లనే జరిగిందని నేను చెప్పలేను; మాత్రలు మాత్రమే వాడేవారికి ఇది వర్తించదు.