పెళ్ళైన వారానికే కొండెక్కుతున్నారా? "పర్లేదండి" అనే మాట ఇంట్లో వదిలి వెళ్ళండి

మొన్న కార్తీక సోమవారం రాత్రి తొమ్మిది దాటాక మహేంద్రగిరి మీంచి ఒక కొత్త పెళ్ళికూతుర్ని డోలీలో దించారు. పెళ్ళై ఆరో రోజు. కాళ్ళ పారాణి ఇంకా పోలేదు, కుడి చీలమండ విరిగి వాచిపోయింది. సవర కుర్రాళ్ళు నలుగురు మోసుకొస్తుంటే వెనకాల పెళ్ళికొడుకు ఆమె షూ చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. నేను నర్సుని, ఆ రోజు శ్రీకాకుళం జిల్లా మందస వైపు మా చుట్టాలింట్లో ఉన్నాను, అందుకని కట్టు కట్టే పని నాకు పడింది. కడుతూ అడుగుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఆ పిల్ల ఉపవాసం. పొద్దుట్నుంచి నీళ్ళు కూడా రెండు గుక్కలే తాగింది, ఎందుకంటే దారిలో మరుగు లేదు, భర్తని కాస్త అటు తిరిగి నిలబడమనడానికి సిగ్గు. కొత్త మెట్టెలు షూలో ఒరుసుకుని వేలు పుండైంది, పాదం సరిగ్గా ఆనించలేకపోతోంది. అతను మూడుసార్లు అడిగాడట, అలిసిపోయావా అని. మూడుసార్లూ "పర్లేదండి" అంది. దిగేటప్పుడు కళ్ళు తిరిగి రాళ్ళమీద పడింది.

"నాకు చెప్తే అక్కడే ఆగిపోదును కదా అక్కా" అని అతను ఏడుస్తున్నాడు.

మంచి షూ వేసుకోండి, టార్చి పట్టుకెళ్ళండి, సెల్ఫీ కోసం అంచుకు వెళ్ళకండి అని నేను రాయను, అవి అందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో శివరాత్రి యాత్రల్లోనూ ఆస్పత్రి డ్యూటీలోనూ కొత్త జంటల్ని దెబ్బతీసిన తప్పు నేను చూసింది ఒక్కటే, ఒంట్లో బాగాలేదని ఒకరికొకరు చెప్పుకోకపోవడం. పదేళ్ళు కాపురం చేసిన భార్య అయితే "నా వల్ల కాదు, కూచుంటున్నా" అని రాయి మీద కూలబడిపోతుంది. వారం కిందట తాళి కట్టించుకున్న పిల్ల అలా అనలేదు. మగపిల్లాడూ అంతే, పెళ్ళాం ముందు ఆయాసపడితే చిన్నతనం అనుకుంటాడు. ఆస్తమా ఉన్న కుర్రాడొకడు భార్య చూస్తుందని ఇన్‌హేలర్ హోటల్ రూములోనే వదిలేసి కొండెక్కాడు. కిందికి తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. బతికాడు, కానీ ఆ సంగతి ఆ పిల్లకి మొదటిసారి తెలిసింది అంబులెన్సులో.

ముందు రోజు రాత్రి చేయాల్సింది

ఇద్దరూ కూచుని మాట్లాడుకోండి, పావుగంట చాలు. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఆస్తమా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, షుగరు ఉందా, ఏ మందు పడదు, మోకాలు ఎప్పుడైనా దెబ్బతిందా. పెళ్ళిచూపుల్లో దాచినవి ఏమైనా ఉంటే ఆ రాత్రి చెప్పేయండి. కోపాలు వస్తే రానివ్వండి, గదిలో వచ్చే కోపంతో ప్రాణం పోదు.

ఆడపిల్లలకు విడిగా ఒక మాట. ముహూర్తానికి అడ్డు రాకూడదని నెలసరి వాయిదా మాత్రలు చాలామంది వేసుకుంటారు. అవి ఆపిన రెండు మూడు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది, కొందరికి ఎక్కువగానే అవుతుంది, సరిగ్గా మీరు కొండెక్కే రోజుకి! లెక్క వేసుకుని భర్తకి చెప్పండి, రోజు మార్చుకోండి. ఇంకోటి, కొత్త పెళ్ళికూతుళ్ళకి మూత్రంలో మంట రావడం చాలా మామూలు సంగతి. నీళ్ళు తాగకుండా, వచ్చినదాన్ని బిగబట్టుకుని ఐదారు గంటలు నడిస్తే అది ముదిరి చలిజ్వరంలోకి దిగుతుంది. మంట ఉంటే కొండ మానుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది సిగ్గుపడే విషయం కాదు, నేను రోజూ చూసేదే.

మెట్టెలు తీయొద్దని అత్తగారు అంటే తీయకండి, కానీ వేళ్ళ దగ్గర వెడల్పు ఉన్న షూ తీసుకోండి, మెట్టె కింద దూది పెట్టి పల్చగా ప్లాస్టర్ చుట్టండి. వేలు ఉబ్బడం మొదలైతే మాత్రం ఎవరేమన్నా అక్కడికక్కడే తీసేయాలి, ఆలస్యమైతే మెట్టెని ఆస్పత్రిలో కోయాల్సి వస్తుంది. బంగారం ఇంట్లో పెట్టేయండి, గాజు గాజులు కూడా, పడితే ముక్కలు మణికట్టులో దిగుతాయి.

ఏ రోజు వెళ్ళాలి

పెళ్ళి అర్ధరాత్రి ముహూర్తం, తెల్లారితే అప్పగింతలు, ఆ తర్వాత వ్రతం, మూడు నిద్రలు... వారం పాటు ఇద్దరికీ కంటినిండా కునుకు ఉండదు. నిద్ర లేని కాళ్ళు దిగేటప్పుడు తడబడతాయి. రెండు రాత్రులు పూర్తిగా నిద్రపోయాక వెళ్ళండి. ఉపవాసం ఉన్న రోజు కొండ వద్దు. నాకూ శివుడి మీద భక్తే, కొండ మీద కుంతి గుడిలో నేనూ దీపం పెట్టాను, కానీ కొండెక్కే రోజు తిని ఎక్కాలి.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, ఉండేది ఒడిశా గజపతి జిల్లాలో. మన మందస వైపు నుంచి నడక, ఒడిశా వైపు నుంచి బండి దారి ఉంది. మొదటిసారి వెళ్ళే జంట బండి దారిన వెళ్ళి గుళ్ళ మధ్య నడిస్తే చాలు, కింది నుంచి ఎక్కి ఎవరికీ నిరూపించక్కర్లేదు. విజయనగరం వాళ్ళు సాలూరు, సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని దేవమాలి కొండకి పోతున్నారు, అది 1,672 మీటర్లు, అక్కడ గాలి చలి వేరు, స్వెట్టర్ ఇద్దరికీ ఉండాలి, అతనిది తీసి ఆమెకు కప్పడం సినిమాల్లో బాగుంటుంది.

ఈ కాలంలో వాన సంగతి మన జిల్లా వాళ్ళకి నేను చెప్పాలా? 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే అటు గజపతి కొండల్లో చరియలు విరిగి మనుషులు పోయారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వింటే చాలు, వాయుగుండం అయ్యేదాకా చూడకుండా రూము క్యాన్సిల్ చేసేయండి, అడ్వాన్సు పోతే పోయింది. గెడ్డ, అంటే వాగు, మోకాలు దాటి పారుతుంటే దాటొద్దు. మీ దగ్గర ఎండగా ఉన్నా పైన కురిసిన వాన నిమిషాల్లో వచ్చి పడుతుంది.

హిమాచల్ ప్యాకేజీ తీసుకున్నవాళ్ళకి కూడా ఇదే మాట, ఇంకా గట్టిగా చెప్తున్నాను. మనం సముద్రమట్టం మీద పుట్టినవాళ్ళం. మనాలి సుమారు 2,000 మీటర్లు, రోహ్తాంగ్ 3,978. 2,500 దాటాక తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, తూలడం మొదలైతే అది పెళ్ళి అలసట అనుకోవద్దు, ఎత్తు పడకపోవడం. తలనొప్పి ఉండగా పైకి ఒక్క అడుగు వేయొద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే పెంచొద్దు. ఆమె "పర్లేదండి" అంటుంది. నమ్మొద్దు.

ఇక దారిలో పాటించాల్సినవి, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

ఎవరి నీళ్ళ బాటిల్ వాళ్ళది. ఒకే బాటిల్ ఉంటే ఆమె అడగదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. తియ్యటి కూల్‌డ్రింకు దానికి బదులు కాదు.

నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి. అతను ముందు నడిస్తే ఆమె అందుకోవడానికి పరిగెడుతుంది, నోరు విప్పదు.

"అలిసిపోయావా" అని అడగొద్దు, జవాబు ఎప్పుడూ ఒకటే. "కూచుందాం" అని మీరే కూచోండి. గంటకోసారి. షూ విప్పి పాదాలు చూసుకోండి, ఇద్దరూ.

ఇద్దరిలో ఎవరు "ఆగుదాం" అన్నా ఆగాలి. ఎందుకు అని అడగకూడదు. ముందు రోజు రాత్రే ఈ మాట ఇచ్చిపుచ్చుకోండి.

గంటకోసారి మగవాడు తనంతట తానే కాస్త దూరం వెళ్ళి అటు తిరిగి నిలబడాలి. కనపడేంత దూరమే, పిలిస్తే పలకాలి.

"నువ్వు ఇక్కడ కూచో, నేను పైకి వెళ్ళి వచ్చేస్తా" అనొద్దు. ఎక్కితే ఇద్దరూ, దిగితే ఇద్దరూ.

ఊరి మనిషిని ఒకర్ని తోడు తీసుకెళ్ళండి, డబ్బులివ్వండి. ఏకాంతం రూముకెళ్ళాక.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. కార్తీకంలో మనకి 5:20కే పొద్దు గుంకుతుంది, తూర్పు వాలులో సూర్యుడు కొండ వెనక్కి పోతాడు కాబట్టి ఇంకా ముందే మసకబారుతుంది. సూర్యాస్తమయం ఫోటో వద్దు.

చీకట్లో ఎలుగుబంట్లు కదులుతాయి, ఉద్దానం జీడితోటల్లోనే మనుషుల మీద పడుతున్నాయి, కొండ మీద సంగతి చెప్పక్కర్లేదు. మాట్లాడుకుంటూ నడవండి. కనబడితే పరిగెత్తొద్దు, రాయి విసరొద్దు, చూస్తూ వెనక్కి తగ్గండి. సీతంపేట, కురుపాం వైపు వెళ్తే ఏనుగులు ఎక్కడున్నాయో ఫారెస్టు వాళ్ళని అడిగాకే కదలండి.

పాము కరిస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు, నాటువైద్యం వద్దు. కదపకుండా మోయించి 108కి.

ఉరుములు వినబడితే శిఖరం మీద ఉండొద్దు, ఒంటి చెట్టు కింద నిలబడొద్దు.

మందు తాగి ఎక్కొద్దు.

గడ్డి మీద పడుకోవద్దు. పొదల్లో బట్టలు ఆరేయొద్దు. రూముకి రాగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్ళలో వేయండి.

వచ్చిన రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే పెళ్ళి అలసట అని పారాసెటమాల్ మింగుతూ కూచోవద్దు. ఈమధ్య మన జిల్లాల్లో పేపర్లన్నీ స్క్రబ్ టైఫస్ గురించే రాస్తున్నాయి, గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు కుట్టి వస్తుంది. కుట్టిన చోట సిగరెట్ కాల్చినట్టు నల్ల పొక్కు కడుతుంది. అది చంకలోనో, నడుం మడతలోనో, తొడల మధ్యో ఉంటుంది. అక్కడ చూపించడానికి సిగ్గుపడి వారం ఆలస్యం చేసినవాళ్ళని చూశాను. ఒకరికొకరు వెతకండి, మీరు భార్యాభర్తలు. పొక్కు కనబడకపోయినా సరే, ఆస్పత్రికి వెళ్ళి స్క్రబ్ టైఫస్, మలేరియా రెండు పరీక్షలూ అడగండి, డాక్టరు అడక్కముందే "ఫలానా రోజు కొండకి వెళ్ళాం, గడ్డిలో కూచున్నాం" అని ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పండి.