ఇల్లు అద్దంలా మెరవకపోయినా హాయిగా ఉండాలంటే ఏం చేయాలి?

ఇల్లు సర్దేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటే: చిందరవందరనీ మురికినీ ఒకే గాటన కట్టేస్తారు. కుర్చీ మీద బట్టల కుప్ప కనబడితే గంటసేపు మడతలు పెడతారు. సింకు పక్కన వాసనొస్తున్న స్పాంజి మాత్రం అలాగే ఉంటుంది. మడతపెట్టని బట్టల వల్ల ఎవరికీ జబ్బు చేయదు. ఉన్న ఓపిక ముందు తడి మీద, తిండి మీద పెట్టాలి, మిగిలితే మడతల మీద.

1. కావలసినవి

గదికొక మూతలేని బుట్ట, నాలుగు తుడుపుగుడ్డలు, చీపురు, గిన్నెల సబ్బు. ఇంతే చాలు. మూతల డబ్బాలు కొనకండి. మూత తీయడం కూడా ఒక పనే కాబట్టి వస్తువు లోపలికి వెళ్లకుండా మూత మీదే ఆగిపోతుంది.

2. బుట్ట ఎక్కడ పెట్టాలి?

తాళాలు, కళ్లజోడు, ఛార్జర్లు రోజూ ఎక్కడ పడుతున్నాయో రెండు రోజులు గమనించి, బుట్టను అక్కడే పెట్టండి. నిండినప్పుడే సర్దండి. గదికి రెండో బుట్ట వద్దు.

3. ఏది వదిలేయాలి, ఏది వదలకూడదు?

అందరూ పొరబడేది ఇక్కడే. ప్రతి వస్తువు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి. తడిగా ఉందా? తిండి అంటుకుని ఉందా? నడిచే దారికి అడ్డమా? మూడింటికీ కాదనే జవాబొస్తే అది రేపటిదాకా ఆగుతుంది. ఒక్కదానికి అవునన్నా ఇప్పుడే లేవాలి.

మూడింటిలో ముందు చూడాల్సింది తడి. తివాచీ, పరుపు, చెక్క తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరాలి, లేకపోతే బూజు మొదలవుతుంది. తడి తువ్వాలు ఉండచుట్టి పడేయకుండా పరిచి ఆరేయండి. స్నానం అయ్యాక కనీసం 20 నిమిషాలు ఫ్యానో కిటికీయో పనిచేయాలి. ఇంట్లో గాలి తేమ 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. గోడ మీది బూజుకు రంగు పూసి కప్పేయడం దండగ. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే రంగు పెచ్చులూడి బూజు మళ్లీ పైకొస్తుంది.

తిండి విషయంలో గడియారం చూడండి. వండినది గది వేడిలో 2 గంటలకు మించి బయట ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఎంగిలి గిన్నెల్ని నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టడం శుభ్రత కాదు. బొద్దింకలు తిరిగేది రాత్రిపూటే, వాటికి మెతుకులూ నీళ్లూ రెండూ కావాలి. ఓపిక లేకపోతే గిన్నెలు గీకి, ఒకసారి కడిగి, బోర్లించి పడుకోండి. తోమడం పొద్దున్నే. స్పాంజిని పిండి ఆరబెట్టండి, వాసన వస్తే పారేయండి.

దారి అంటే మెట్లు, పొయ్యి చుట్టూ ఉన్న జాగా, రాత్రి మంచం నుంచి బాత్‌రూంకి నడిచే బాట. ‘పైకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్దాం’ అని మెట్టు మీద పెట్టిన పుస్తకమే కాలు జారేలా చేస్తుంది. మెట్ల మీద ఒక్క వస్తువు కూడా ఉండకూడదు.

ఇంకో జాగ్రత్త. మురికి పేరుకుపోయిందన్న కంగారులో రెండు రకాల క్లీనర్లు కలపకండి. బ్లీచ్‌ను ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిపినా, అమోనియాతో కలిపినా విషవాయువు పుడుతుంది. క్రిమిసంహారిణిని చల్లిన వెంటనే తుడిచేస్తే అది పనిచేయదు. ముందు సబ్బుతో మురికి వదిలించాలి, తర్వాత మందు రాసి లేబుల్ మీద చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. మామూలు రోజుల్లో సబ్బునీళ్లు చాలు.

4. పక్క

లేవగానే దుప్పటి సర్దకండి. వెనక్కి మడిచి గంటసేపు వదిలేస్తే చెమట తడి ఆరుతుంది. పక్కబట్టలు వారానికోసారి ఉతకాలి. దుమ్ము పురుగులు (పరుపుల్లో ఉండే, కంటికి కనబడనంత చిన్న పురుగులు) పడనివాళ్లుంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

5. రోజూ 15 నిమిషాలు

సింకు, పొయ్యి, బాత్‌రూం నేల, దారి. ఈ వరుసలోనే చేయండి. టైం అయిపోగానే ఆపేయండి, ఇంకొంచెం అని సాగదీస్తే మర్నాడు చేయబుద్ధి కాదు. వారానికో రోజు ఇల్లంతా కడిగే పద్ధతి కన్నా ఇది నయం, ఎందుకంటే తడి వారాంతందాకా ఆగదు. ఏడాదిగా వాడనివన్నీ పారేయమనే సలహా కూడా నమ్మకండి. ఆరిన వస్తువు అటక మీద ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ఎవరైనా వస్తున్నారంటే టాయిలెట్, సింకు కడిగి, కూర్చోవడానికి చోటు చేయండి. పుస్తకాలు, ఆటబొమ్మలు ఉన్నచోటే ఉండనివ్వండి. అన్నిటినీ ఒక గదిలోకి తోసి తలుపు మూస్తే ఆ కుప్ప అడుగున తడి తువ్వాలో, తిని వదిలేసిన పళ్లెమో చేరుతుంది. వాసన వచ్చేదాకా దాని సంగతి ఎవరికీ తెలియదు.