డయాలసిస్ రోగికి నెలకు రూ.10,000 పింఛను: దరఖాస్తు ఎలా చేసుకోవాలి

వారానికి మూడుసార్లు, తడవకు నాలుగు గంటలు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. మా చిన్నాయనకి కిడ్నీలు పాడైనప్పుడు డయాలసిస్‌కి ఒక్క రూపాయి కట్టలేదు. అయినా పాడిగేదెను అమ్ముకున్నాం. బస్సు ఛార్జీలు, బయట కొనే మందులు, తోడు వెళ్ళిన మనిషికి పోయే కూలి, అన్నీ కలిసి ఆ గేదెను తీసుకుపోయాయి. పింఛను సంగతి మాకు ఏడో నెలలో గానీ తెలియలేదు. మీకు ఆ ఆలస్యం జరగకూడదు.

ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ వేరు, ఎన్టీఆర్ భరోసా పింఛను వేరు. మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్నదే ఈ వైద్యసేవ. అది ప్రభుత్వం ఆసుపత్రికి కట్టే డబ్బు, డయాలసిస్ అందులోకే వస్తుంది. బియ్యం కార్డు, ఆధార్ తీసుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో, పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళితే ఆయనే నమోదు చేస్తారు. అనుమానం ఉంటే 104కి ఫోన్ చేయండి. పింఛను మీ చేతికి వచ్చే డబ్బు. ఒకటి వస్తోంది కదా అని రెండోది అడగనివాళ్ళు మన జిల్లాలో ఎందరో.

డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు రూ.10,000 ఇస్తారు. ఇంకా డయాలసిస్ దాకా వెళ్ళకపోయినా రక్తపరీక్షలో క్రియాటినిన్ 5 దాటినవారికి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 15 కంటే తగ్గినవారికి, కిడ్నీ కుంచించుకుపోయినవారికి కూడా అంతే. 2024 జులై నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది. కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది.

దరఖాస్తు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలోనే. కొత్తవి ఇప్పుడు తీసుకుంటున్నారా అని ముందు వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడగండి, తీసుకోకపోయినా కాగితాలు సిద్ధం చేసి పెట్టుకోండి. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్‌లు. వీటితో పాటు డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉన్న ధ్రువపత్రం, డయాలసిస్ రికార్డు, రక్తపరీక్షల రిపోర్టులు. వైద్య పత్రాలను ఆరోగ్యశాఖ వాళ్ళు పరిశీలించాకే మంజూరవుతుంది, అందుకే రిపోర్టు మీద తేదీ, పేరు చెరిగిపోకుండా ఉండాలి. పాత రిపోర్టులు పారేయొద్దు.

మా కాగితాలు ఎక్కడ ఆగాయో చెబుతాను. ఆధార్‌లో చిన్నాయన ఇంటిపేరు ముందుంది, ఆసుపత్రి రికార్డులో అసలు లేనేలేదు. ఆ ఒక్క మాట కోసం మళ్ళీ నెల్లూరు వెళ్ళి ముద్ర వేయించుకు రావాల్సి వచ్చింది. డయాలసిస్ అయ్యాక నీరసంతో తలెత్తలేని మనిషిని ఇంకోసారి బస్సెక్కించాం. మొదటిరోజే, చీటీ రాసేటప్పుడే ఆధార్ చూపించి అక్షరం అక్షరం సరిచూసుకోండి. దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు.

వైద్యసేవలోకి రాని చికిత్సకు చేతి డబ్బు ఖర్చయితే ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పెట్టుకోవచ్చు. దానికి అసలు బిల్లులు కావాలి. మెషిన్లో వచ్చే రసీదు నెలల్లో తెల్లబడిపోతుంది, ఆ రోజే జిరాక్స్ తీయించండి.

పింఛను నెల మొదట్లో ఇంటికే తెచ్చిస్తారు. ఆ పూట డయాలసిస్ పడి ఊళ్ళో లేకపోతే కంగారు పడొద్దు. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడో నెల మాత్రం తప్పనివ్వొద్దు, ఊళ్ళో ఉండేలా డయాలసిస్ రోజు మార్చమని సిస్టర్‌ని ముందే అడగండి.