అఫిలియేట్ సైట్ పెట్టినా పైసలు రావట్లేదా? ఎక్కడ తెగిందో వరసగా చూద్దాం

మా ఊళ్లో మోటారు నీళ్లు పోయకపోతే ఎవరూ బోరు ఎండిపోయిందని తల పట్టుకోరు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు చూస్తారు, తర్వాత స్టార్టర్, ఆ తర్వాత కేబుల్. బోరు సంగతి ఆఖరున. అఫిలియేట్ సైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం ఉల్టా చేస్తాం. మూడు నెలలు పైసా రాకపోతే "ఇందులో ఏం లేదు" అని వదిలేస్తాం, లేదంటే థీమ్, అంటే సైట్ పైరూపం, మారుస్తాం. నా మొదటి సైట్‌కి నేను నాలుగుసార్లు థీమ్ మార్చాను. తప్పు థీమ్‌లో లేదు.

హన్మకొండలో డిగ్రీ పిల్లలు అప్పుడప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. "అన్నా, సైట్ పెట్టి ఐదు నెలలైంది, ఒక్క రూపాయి రాలె." నేను తిరిగి అడిగేది ఒక్కటే, కరెంటు ఎక్కడిదాకా వస్తోంది అని. మన లింకు మీదుగా వెళ్లి ఎవరైనా వస్తువు కొంటే కంపెనీ మనకు కమీషన్ ఇస్తుంది, వ్యాపారం అంతే. కానీ ఆ ఒక్క అమ్మకం జరగాలంటే సైట్ గూగుల్‌కి తెలియాలి, మనుషులు రావాలి, లింకు నొక్కాలి, కొనాలి, కొన్నది మన లెక్కలో పడాలి. మొదటి నుంచి చూసుకుంటూ పోతే వైరు తెగిన చోటు దొరుకుతుంది.

సమస్య: గూగుల్‌లో నా సైట్ కనిపించడమే లేదు

గూగుల్‌లో ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా మీ డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామా, కొట్టండి. ఒక్క పేజీ కూడా రాకపోతే గూగుల్ మిమ్మల్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

ఎక్కువసార్లు నాకు దొరికే కారణం చిన్న టిక్కు. సైట్ నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ ఉంటుంది. అందులో, సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ని చూడొద్దని చెప్పే ఒక గడి. సైట్ తయారవుతున్నప్పుడు ఎవరో టిక్కు పెడతారు, తీయడం మరిచిపోతారు. తీసేయండి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో మన సైట్ ఎలా కనిపిస్తోందో చూపే చోటు) సైట్‌ని చేర్చి, సైట్‌మ్యాప్, అంటే మన పేజీల జాబితా, ఇవ్వండి. ఇది ఉచితం. దీనికి డబ్బులడిగే వాళ్లకు దండం పెట్టి పంపేయండి.

రెండో కారణం మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. ఒకబ్బాయి వ్యాసాలన్నీ డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించాడు. సైట్‌లో అతికిస్తే తెలుగు పోయి, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టే చోట ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాలు, కావు. కాగితం మీదికి పనికొస్తాయి గానీ గూగుల్ వాటిని చదవలేదు. పాపం అతను దానికో ఉపాయం కనిపెట్టాడు: పేజీలన్నిటినీ ఫొటోలుగా మార్చి పెట్టాడు! చూడటానికి బాగానే ఉంది, కానీ ఫొటోలో ఉన్న వ్యాసాన్ని వెతికి ఎవరూ రారు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి, అక్కడక్కడ తేడా కొడతాయి. కొత్తగా రాసేదైతే ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకొని నేరుగా రాయడమే మేలు.

ఇంకొకటి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే పేజీ చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో మూరెడు పొడవు చెత్తలా కనిపిస్తుంది. ఒక్కో తెలుగు గుర్తు అక్కడ 9 అక్షరాల చోటు తింటుంది, వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. అంటే 22 గుర్తులకే చిరునామా తెగిపోతుంది, గుణింతాలు కూడా లెక్కే. పబ్లిష్ నొక్కకముందే చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు మాటలకు కుదించండి.

సమస్య: పేజీలు గూగుల్‌లో ఉన్నాయి, మనుషులు రావట్లేదు

నూటికి తొంభై మంది ఆగిపోయేది ఇక్కడే అని నా అంచనా, అందుకే కొంచెం సాగదీస్తాను.

నా మొదటి సైట్ ఫోన్ల మీద. పదిహేను వేలలోపు మంచి ఫోన్లు, ఇరవై వేలలోపు మంచి ఫోన్లు, అదే వరస. ఆ మాటల కోసం పోటీ పడేవాళ్లు పెద్ద పెద్ద పత్రికలు, పదుల మంది రచయితలున్న సైట్లు. ఫోన్ విడుదలైన రోజే వాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. నా చేతిలో ఉన్నది దాని ఫొటో. ఎనిమిది నెలల్లో అరవై వ్యాసాలు రాశాను. రోజుకు వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకణ్ని నేనే.

మలుపు ఇంట్లోనే దొరికింది. మా బాపు పత్తికి మందు కొట్టడానికి బ్యాటరీ పంపు కొందామన్నాడు. 16 లీటర్లదా, 20 లీటర్లదా? బ్యాటరీ 8 ఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) సరిపోతుందా, 12 ఉండాలా? నేను నెట్‌లో వెతికితే కంపెనీ రాసుకున్న పొగడ్తలు తప్ప తెలుగులో ఏమీ లేదు. బాపు అడిగింది మాత్రం వేరే: "ఒక్కసారి ఛార్జింగ్ పెడితే ఎన్ని ట్యాంకులు కొడతదిరా? వీపు మీద ఎంత బరువుంటది?" నింపిన 20 లీటర్ల ట్యాంకు అంటే నీళ్ల బరువే 20 కిలోలు, పంపు బరువు మీదికి. ఆ రెండు ప్రశ్నలకు, పంపు కొన్నాక మేం చూసిందే రాశాను. అప్పటిదాకా రాసిన అరవై వ్యాసాలకంటే ఆ ఒక్కదానికే ఎక్కువమంది వచ్చారు.

కాబట్టి పరిష్కారం: మీకు తెలిసిన వస్తువు, మీ చుట్టూ కొనేవాళ్లున్న వస్తువు ఎంచుకోండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ పక్కన పెరిగినవాడికి మిర్చి ఆరబోసే టార్పాలిన్ ఎంత మందం ఉండాలో తెలుసు, బెంగళూరులో కూర్చొని రాసేవాడికి తెలియదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ల గదులుండే వీధిలో ఉంటే, రీడింగ్ టేబుల్, ఇండక్షన్ స్టవ్ గురించి రాయండి.

కాలం కూడా చూసుకోవాలి. పత్తి విత్తేది జూన్‌లో, మందు పంపులు వెతికేది ఆ తర్వాత. జూలైలో వ్యాసం పెడితే గూగుల్ దాన్ని గుర్తించేసరికి సీజన్ దాటిపోతుంది. ఏప్రిల్‌లోనే పెట్టాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి. గుడారాలు, ఛార్జింగ్ లైట్ల మీద రాయాలనుకుంటే దసరా నాటికే మొదలుపెట్టండి.

మనవాళ్లు వెతికే తీరు కూడా గమనించండి. సగంమంది తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలు కొట్టి మీ పేజీ దాకా వచ్చారో కనిపిస్తుంది. వారానికోసారి ఆ జాబితా చూసి, అందులోని ప్రశ్నలకు వ్యాసంలో జవాబుందో లేదో సరిచూసుకుంటే చాలు.

ఏఐతో వారంలో రెండు వందల వ్యాసాలు దింపేవాళ్లూ వచ్చారు. అలా కుప్పలు పోసే వాటిని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో చేర్చింది. ఏఐ సాయం తీసుకోవడం తప్పు కాదు గానీ, బాపు వీపు నొప్పి సంగతి దానికి తెలియదు.

సమస్య: వస్తున్నారు, చదువుతున్నారు, లింకు నొక్కట్లేదు

మీ వ్యాసంలో అన్నీ మంచి మాటలే ఉన్నాయేమో చూడండి. కిరాణా కొట్టులో "ఇది తీసుకోకు బిడ్డా, పురుగు పట్టింది" అనే షావుకారి మాట మీదే గిరాకీ నిలబడుతుంది. మా పంపు బెల్టు రెండో నెలలోనే కుట్టు ఊడిందని రాశాక నా క్లిక్కులు పెరిగాయి. ఫొటోలు కూడా మీరే తీయండి. అమెజాన్ పేజీలోని బొమ్మలు దింపుకొని మళ్లీ ఎక్కించడం, అక్కడి కస్టమర్ల అభిప్రాయాలు కాపీ కొట్టడం వాళ్ల నియమాలకు విరుద్ధం కూడా.

సమస్య: క్లిక్కులున్నాయి, ఆర్డర్లు సున్నా

ముందు లింకు చివర ఉన్న ట్యాగ్, అంటే అమ్మకం మీదేనని చెప్పే గుర్తు, చూడండి. అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రామ్ పేరు అసోసియేట్స్, దాని ఇండియా ట్యాగ్ చివర 21 ఉంటుంది. 20 ఉంటే మీరు అమెరికా ప్రోగ్రామ్‌లో చేరారు. యూట్యూబ్‌లో ఎవరో అమెరికా పేజీ చూపిస్తూ చెబితే అలాగే చేసేశారన్నమాట. ఆ ట్యాగ్‌తో మన దేశపు సైట్‌లో ఎన్ని అమ్మినా మీ లెక్కలో పడదు. ఇండియా ప్రోగ్రామ్‌లో చేరి లింకులన్నీ మార్చాలి.

ట్యాగ్ సరిగ్గానే ఉంటే, వస్తువు స్టాకులో ఉందా? ధర చేత్తో రాసి పెట్టారా? ఆరు నెలల కిందట 2,400 అని రాశారు, ఇప్పుడు అక్కడ 2,900 ఉంది, వచ్చినవాడు మోసపోయాననుకొని వెళ్లిపోతాడు. ధరను చేత్తో రాయడానికి అమెజాన్ ఒప్పుకోదు కూడా. "ఈరోజు ధర చూడండి" అని లింకు ఇవ్వండి చాలు.

గడువు కూడా తెలిసి ఉండాలి. క్లిక్కు తర్వాత 24 గంటల్లో కొంటేనే అమెజాన్‌లో మనకు లెక్క. ఆ లోపు కార్ట్‌లో వేసుకుంటే, ఆర్డర్ చేయడానికి 90 రోజుల దాకా గడువు ఉంటుంది. మనవాళ్లు వేలల్లో ఖర్చంటే ఇంట్లో నలుగురితో మాట్లాడి వారం తర్వాత గానీ కొనరు. అందుకే ఒకే ఖరీదైన వస్తువు మీద ఆశ పెట్టుకోవద్దు. పంపుతోపాటు నాజిల్, చేతి గ్లవుజులు, మాస్కు వంటి అప్పటికప్పుడు కొనేవి కూడా వ్యాసంలో ఉండాలి. ఒకసారి పంపు లింకు మీదుగా వెళ్లినవాళ్లెవరో ప్రెషర్ కుక్కర్ కొన్నారు, దానికీ నాకు కమీషన్ పడింది.

సమస్య: ఆర్డర్ కనిపించింది, కమీషన్ పోయింది, లేదా అకౌంటే మూసేశారు

ఒక ప్రోగ్రామ్‌లో నా మొదటి ఆర్డర్ మా తమ్ముడిదే. "అన్నా, నీ లింకు మీదనే మిక్సీ కొన్న" అని సంబరంగా ఫోన్ చేశాడు. కమీషన్ రద్దయింది. మన ఆర్డర్లు, ఇంట్లోవాళ్లవి, దోస్తులవి లెక్కలోకి రావు. పట్టుబడితే అకౌంటే పోవచ్చు. వస్తువు వాపసు చేసినా కమీషన్ వెనక్కి పోతుంది.

అమెజాన్‌లో చేరాక 180 రోజుల్లో కనీసం 3 సరైన అమ్మకాలు జరగకపోతే అకౌంట్ మూసేస్తారు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ పాత లింకులన్నీ మార్చాలి. అందుకే నా సలహా ఏమిటంటే, సైట్ పెట్టిన రోజే అసోసియేట్స్‌లో చేరకండి. పది పదిహేను మంచి వ్యాసాలు పెట్టి, రోజూ కొంతమంది వస్తున్నప్పుడు చేరండి.

అత్యుత్సాహంతో చౌరస్తాలో లింకు కోడ్‌తో కరపత్రాలు పంచినవాడు నాకు తెలుసు. కాగితం మీద, ఎస్ఎంఎస్‌లో లింకు పెట్టకూడదని అమెజాన్ ఒప్పందంలోనే ఉంది. "నా లింకుతో కొంటే రీఛార్జ్ చేస్తా" అన్నా తప్పే.

కమీషన్ వస్తుందన్న సంగతి చదివేవాడికి స్పష్టంగా చెప్పాలి, అదీ లింకుకు ముందే, పేజీ అడుగున బూడిద రంగు చిన్న అక్షరాల్లో కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనలకు మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా ఉంది. గూగుల్ కోసం లింకులకు స్పాన్సర్డ్ అనే గుర్తు కూడా పెట్టాలి. వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించే చాలా ప్లగిన్లలో అదో టిక్కు మాత్రమే.

సమస్య: బ్యాంకులో తక్కువ పడింది, ఆలస్యంగా పడింది

అమెజాన్ డబ్బు నెల ముగిశాక సుమారు 60 రోజులకు వస్తుంది, టెన్షన్ పడకండి. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను, 20 శాతం కోస్తారు. ఇస్తే కమీషన్ మీద 2 శాతమే. 2024 అక్టోబర్‌కు ముందు 5 ఉండేది. మీకు పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు.

సమస్య: రెండో ఏడాది హోస్టింగ్ బిల్లు చూసి గుండె ఆగింది

హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు, దాని ఆఫర్ మొదటి ఏడాదికే. కొనేటప్పుడే రెన్యూవల్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. డొమైన్, హోస్టింగ్ ఒకేచోట కొనకపోతే హోస్టింగ్ మార్చడం తేలిక. మార్చేముందు బ్యాకప్ ఫైలు మీ పెన్ డ్రైవ్‌లో ఉండాలి. డొమైన్ మీ మెయిల్ ఐడీ మీదే ఉండాలి, సైట్ చేసిపెట్టినవాడి పేరు మీద కాదు. నేను ఇది ఒక డొమైన్ పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను. దాని గడువు ముగుస్తోందని మెయిళ్లు వెళ్లాయి, నంబరు మార్చేసిన ఆ డిజైనర్‌కి.